ఇనుప చెయ్యి

బర్మింగ్‌హామ్, లవ్‌డే వీధి.
ఏ ఇంట్లోనూ పూర్తి తుపాకీ తయారుకాదు.
గొట్టం ఒక పెరట్లో, సిలిండర్ ఇంకో సందులో,
స్ప్రింగులు మేడమీద ఒక విధవరాలి కొలిమిలో.
వీటన్నిటి మధ్యా తిరిగే తోలుసంచీ కింద
పదకొండేళ్ళ నేను.

మా మేస్త్రీ జేబెజ్ హోరోబిన్‌కి చూపు ఆనదు.
ఆకురాయి మూడుసార్లు తోసి, ఊది,
ముక్కని పెదవికి ఆనించేవాడు, జ్వరం చూసినట్టు.
"ఇంకో వెంట్రుకవాసి," అనేవాడు.

మొదట్లో చేసినవాటికి సుత్తిమీద కొమ్ము లేదు.
బొటనవేలికి పనే లేదు.
చూపుడువేలు లాగితే
సిలిండర్ తిరగాలి, సుత్తి లేవాలి, పడాలి,
అన్నీ ఆ ఒక్క లాగుడులోనే.
బరువు. నిండు చేద తోడినంత బరువు.
"మీదపడ్డవాణ్ణి కాల్చేటప్పుడు బరువెవడు చూస్తాడు?"
అన్నాడు దుకాణదారు.
"వాడు దూరంగా ఉంటేనో?" అన్నాడు జేబెజ్.
ఎవరో దీపం వత్తి తగ్గించారు.

క్రిమియా యుద్ధం రెండో ఏడు, మా కొట్లోనూ
సుత్తికి కొమ్ము మొలిచింది.
తీరిక ఉంటే బొటనవేలితో ఎత్తి, గురిచూసి, మెల్లగా.
లేదంటే ఉన్నపళంగా లాగడమే.
లోపలి మీటకి ఇప్పుడు రెండు మాటలు తెలియాలి,
ఒకటి పలుకుతుంటే రెండోది మింగాలి.
ఆ మర్యాద నేర్పడానికి పదిహేడు వారాలు పట్టింది.
పదిహేడు వారాల ఇంటద్దె కూడా.

ఆ చలికాలమే ఒకావిడ వచ్చింది.
నల్ల గ్లవుజుల చేతులతో
పాత రకం పిస్తోలు బల్లమీద పెట్టింది.
"మా తమ్ముడిది. రెండుసార్లు పేలిందట.
బాగుచేయిస్తేగాని ఎవరూ కొనరన్నారు."

జేబెజ్ పక్క పలక విప్పాడు.
సిలిండర్‌ని తోసే ముక్కని మేం చెయ్యి అంటాం.
బార్లీ గింజకన్నా కాస్త పెద్దది.
దాని మొన విరిగి ఉంది.
మూడో గది గొట్టం ఎదుటికి రానేలేదు.
మిగిలిన మూడింట్లో మందు అలాగే ఉంది,
కొవ్వు కప్పుకుని, తడవకుండా, భద్రంగా.

చెయ్యే అతనికి చెయ్యిచ్చింది.

వెనక్కి తిప్పితే హెచ్ అక్షరం,
సూదిమొనతో గీసింది.
ఆవిడ చూడలేదు. నేను చూశాను.
నేను చూశానని ఆయన వేళ్ళకి తెలిసింది.

"మధ్యాహ్నానికి ఇస్తానమ్మా. డబ్బొద్దు."
"ఎందుకొద్దు?" అందావిడ.
ఆకురాయి అందుకున్నాడు.

కొత్త చెయ్యి నిప్పుమీద గడ్డిరంగు దాటింది,
వంగపువ్వు దాటింది,
నీలం అంచుకి రాగానే నూనెలో ముంచాడు.
వంద సార్లు ఉత్తినే లాగాడు, నేను లెక్కపెట్టాను.
దానిమీద అక్షరం గీయలేదు.

విరిగినదాన్ని కాలవలో పారెయ్యమన్నాడు.
వంతెన దాకా వెళ్ళాను.

ఇప్పుడు నాకు అరవై రెండు.
నా చూపూ వేళ్ళలోకి దిగింది.
పొగాకు కోసం కోటు జేబు తడిమినప్పుడల్లా
అడుగున, కుట్టు మూలన,
చేతికి చెయ్యి తగులుతుంది.