అంచు మడవని బట్ట

ఫ్రెంచివాళ్ళు ఓడలెక్కిన ఏడు
మొదటి అధ్యక్షుడి మొహం అచ్చేసిన బట్ట
తానులు తానులుగా మా రేవు బజారులో దిగింది.
గుమాస్తా ఒకడు కొట్టుకొచ్చి చెప్పాడు:
"దోసూ, చూసి కత్తిరించు.
మొహం చంక కిందికి రాకూడదు,
పిరుదుల మీదికి అసలే రాకూడదు.
కుర్చీలో కూర్చున్నవాడి మీద
ఇంకొకరు కూర్చోకూడదు."

నవ్వాను. అప్పట్లో నవ్వేవాళ్ళం.
చేపలమ్మే అఫియావికి గుండెల మీదికి వచ్చేలా కుట్టాను.
తూకం వేస్తూ ఆమె వంగినప్పుడల్లా
ఆయన కూడా వంగి
చేపల్ని ఓటడిగినట్టుండేది.

మూడేళ్ళకి ఓ తెల్లవారుజామున రేడియో గొంతు మారింది.
మధ్యాహ్నానికి అఫియావి బట్టని తిరగేసి కట్టుకొచ్చింది.
మైనపు అద్దకం కదా,
ఎటు తిప్పినా మొహమే.

నా దగ్గర పని నేర్చుకునే సెజ్రోకి
ఇంకో చొక్కా లేదు.
దారం కొనుక్కొస్తానని ఆ చొక్కాతోనే వెళ్ళాడు.
చొక్కా ఒక్కటీ తిరిగొచ్చింది,
గుండీలు తెగి.

తర్వాత నల్ల కళ్ళద్దాల మొహం.
తర్వాత గడ్డం మొహం.
ఆ తర్వాతిది అచ్చులో ఉండగానే పాతదైపోయింది,
సగం ధరకి అమ్మారు.

పటం మీద మా దేశం పంట్లాము కాలంత.
సుద్దముక్కతో గీసినవాడెవడోగాని
ఒంటికి టేపు పెట్టి చూడలేదు.
నా అక్క అవతలి ముక్కలోకి పోయింది.
ఎవరు తొడుక్కున్నా మోకాలి దగ్గర బిగుస్తుంది,
బిగిసిన ప్రతివాడూ కుట్టుకూలివాణ్ణే తిడతాడు.

రాత్రిళ్ళు తలుపు తడతారు.
ఇంకా రాని హోదాకి భుజాన నక్షత్రాలు కుట్టమంటారు,
నడుము దగ్గర రెండంగుళాలు లోపల వదలమంటారు.
లావవుతామని ముందే తెలుసు వాళ్ళకి.
డబ్బు సోమవారం అంటారు.
నా పద్దులో ముగ్గురు దేశాధినేతల బాకీ
అలాగే ఉంది.

మొన్న అఫియావి మూటతో వచ్చింది.
పాతబట్టలన్నీ కలిపి
చేపలబల్ల మీదికి పందిరిగుడ్డ కుట్టమంది.
పక్కపక్కనే పెట్టాను,
బతికుండగా ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్ళని.
వానొస్తే అందరూ ఒకే చోట కారతారు.

సెజ్రో చొక్కా నా పెట్టెలో ఉంది, ఇవ్వలేదు.

చివరి అంచు మడవబోతుంటే
చెయ్యి పట్టుకుంది అఫియావి:
"ఆ వైపు అలా వదిలెయ్ దోసూ.
ఇంకా వస్తాయి."