అడ్డం లెక్క

బుడితిలో మా ఇంటికి గోడ గడియారం లేదు.
నాన్న సుత్తి ఆగితే మధ్యాహ్నం,
మళ్లీ ఆగితే రాత్రి.

నరసన్నపేట సావుకారు పంపిన ఇత్తడి రేకు మీద
కైవారం కాలు ఒకటి నాటి, రెండోది తిప్పి,
ఆ గీత వెంటే కత్తెర నడిపేవాడు.
రాలిన మూలల్ని నేనూ గున్నడూ ఏరి గోనెలో పోసేవాళ్లం.
మూలలు తూకానికి సావుకారివే.
మాకు మిగిలేది గుండ్రం.

కూలి అడ్డం లెక్క.
అంగుళానికి ఆరు రూపాయలు.
ఏడంగుళాల పళ్లేనికి నలభై రెండు,
పద్నాలుగుకి ఎనభై నాలుగు.
రెండింతల అడ్డం, రెండింతల కూలి.
ఇందులో తప్పేటుందని
మా తాత అడగలేదు, వాళ్ల నాన్నా అడగలేదు.

పదో తరగతిలో దుర్యోధన మేస్టారు
సుద్దముక్కకి పురికొస కట్టి
బోర్డు మీద పెద్ద సున్నా చుట్టి
"ఇరవై రెండు బై ఏడు ఇంటూ వ్యాసార్ధం వర్గం" అన్నారు.
వర్గమంటే ఏటి సార్, అన్నాను.
దాన్ని దానితోనే హెచ్చవెయ్యడం, అన్నారు.
ఈ జిల్లాలో ఆ మాటకి ఇంకో అర్థం ఉందని చెప్పలేదు.
కిటికీలోంచి కొండల కేసి ఒకసారి చూసి
సుద్ద దులుపుకున్నారు.

ఆ సాయంత్రం బొగ్గుముక్కతో
వంటింటి గోడ మీద లెక్క చేశాను.
చిన్నదానికి ముప్పై ఎనిమిదిన్నర.
పెద్దదానికి నూట యాభై నాలుగు.
చెరిపి మళ్లీ చేశాను.
రెండు కాదు, నాలుగు.
ఎసరు పొంగి పొయ్యి ఆరిపోయింది, అమ్మ తిట్టింది,
నేను గోడ కేసే చూస్తున్నాను.

"పెద్ద పళ్లేనికి నూట అరవై ఎనిమిది రావాల నాన్నా.
సగానికి సగం పోతంది."

ఆయన సుత్తి దించకుండానే అన్నాడు:
"నాకు తెల్దేటే గుంటా?
చిన్నయి నాలుగు కొడితే భుజం ఎంత లాగుతాదో
పెద్దది ఒక్కటి కొడితే అంతే లాగుతాది.
సావుకారుకి నా భుజం సూపించడం ఎలాగో, అదొక్కటే తెల్దు."

కొట్లో నేను నోరు విప్పానో లేదో
"బడి లెక్కలు బడిలో చెప్పుకోవాలమ్మా" అని నవ్వాడు సావుకారు.
అప్పుడు నాన్న,
పాతికేళ్లుగా ఆ అరుగు కిందే నిలబడిన నాన్న,
చెప్పులు విడిచి పైకెక్కి
ఆయన తక్కెడలోనే ఒక పక్క పెద్దది పెట్టాడు.
ఇంకో పక్క చిన్నది.
రెండోది.
ఒకే రేకు, ఒకే మందం.
మూడోది పెట్టినప్పుడు గుమస్తా కలం ఆగింది.
నాలుగోది పెట్టాక
ముల్లు కాసేపు అటూ ఇటూ వణికి
నిలబడింది.

వీధిలో ఆటో ఒకటి హారన్ కొడుతూనే ఉంది.
సావుకారు ముల్లుని చూశాడు, నన్ను చూశాడు,
కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.
"అయితే సూరాచారీ,
ఇకమీదట చిన్నవే చెయ్యి."

తిరుగు బస్సులో నాన్న నవ్వడం మొదలెట్టాడు.
చల్లవానిపేట దాటేదాకా నవ్వుతూనే ఉన్నాడు.
నేను ఏడుస్తున్నానని అప్పుడు చూసి
బస్సు కిటికీలోంచి వేరుశనక్కాయలు కొన్నాడు.

ఆ నెలలోనే పాతపట్నం వెళ్లి
సొంత డబ్బులెట్టి ఒక రేకు తెచ్చాడు.
ఎవరూ అడగని పెద్ద పళ్లెం
రాత్రిళ్లు కూచుని, అంచు నుంచి మధ్యకి,
దెబ్బ పక్కన దెబ్బ.
ఆ నాలుగు మూలల్నీ గున్నడి చేతికిచ్చాడు, ఆడుకోమని.
కూలి ఎక్కడా రాసుకోలేదు.

ఇప్పటికీ నేను అందులోనే తింటాను.
ఎంత పెట్టుకున్నా అన్నం మధ్యనే ఉంటుంది,
మహా అయితే ముప్పై ఎనిమిదిన్నర.
చుట్టూ మిగిలిన చోటంతా సుత్తి దెబ్బలు.
వేలితో లెక్కపెట్టబోతాను.
ఇరవై రెండుని ఏడుతో భాగిస్తున్నట్టు
శేషం తెగదు.
పులుసు చల్లారిపోతుంది.