నాలుగో గదీ అయిదో గదీ

మెర్సెడ్‌లో పొగమంచు రోజు బడి రెండు గంటలు ఆలస్యం.
బస్సులు కళ్ళు చికిలించుకుంటూ వస్తాయి.
నేను మాత్రం ఏడున్నరకే వచ్చి
కుర్చీల కింద అంటించిన బిళ్ళలు సరిచూసుకుంటాను.
నీలం బిళ్ళవి ఒక పద్దు కొన్నవి,
ఆకుపచ్చవి ఇంకో పద్దు.
పిల్లలు కుర్చీల మీద కూర్చుంటారు గానీ
కిందకి చూడరు.
చూస్తారు, నిజానికి, ఎప్పుడైనా,
ఎవరో అంటించిన చూయింగ్ గమ్ కోసం.

నిరుడు మధ్యలో మడత గోడ ఉండేది.
ఇటు నాలుగో గది:
అమ్మానాన్నల జీతం చీటీలు చూపిస్తేనే తెరుచుకునేది,
పన్నెండుకల్లా మూతపడేది.
అటు అయిదో గది:
పుట్టినరోజు కాగితం ఒక్కటి చాలు,
రెండున్నర దాకా బొమ్మలూ అక్షరాలూ అన్నమూ.
గోడకి చెవి ఆనించి ఇటువాళ్ళు
అటువాళ్ళ పాట నేర్చుకునేవాళ్ళు, సగం మాటలు తప్పుగా.
పది గంటల పాలు ఇటొక లెక్క, అటొక లెక్క.
ఒలికిన పాలు మాత్రం
గోడ కిందనుంచి ఇష్టమొచ్చినట్టు వెళ్ళేవి.

సెంగ్ గుర్తొస్తాడు.
పోయిన జనవరిలో వాళ్ళ నాన్నకి
బాదం మిల్లులో గంటకి అరవై సెంట్లు పెరిగాయి.
ఇంట్లో కోడిని కోసుకున్నారట.
శుక్రవారం ఉత్తరం వచ్చింది: గీత దాటారు.
అరవై సెంట్లకి పిల్లవాడి కుర్చీ పోయింది.
కోటు కొక్కెం మీద వాడి పేరు మే దాకా ఉంచాను.
తీసెయ్యమని ఎవరూ చెప్పలేదు.
నేనూ ఎవర్నీ అడగలేదు.

వడ్డించేవాడు మనవాడైతే
కడపంక్తిలో కూర్చున్నా పరవాలేదంటారు.
ఇక్కడ వడ్డించేది కాగితం.
దానికి మనవాళ్ళూ పైవాళ్ళూ లేరు,
కళ్ళూ లేవు.

ఈ ఆగస్టులో మడత గోడని మూలకి నెట్టేశారు.
ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని
జిల్లా ఆఫీసులో ఎవరో తమ భాషలో అన్నారట.
కత్తులెక్కడివి, రంగు పెన్సిళ్ళు కదా.
ఇప్పుడు ఇరవై నలుగురికీ ఒకటే చాప,
ఇద్దరు టీచర్లు, ఒక నేను.
నా జీతం మాత్రం రెండు ముక్కలు,
పొద్దున ఒక పద్దు, మధ్యాహ్నం ఒక పద్దు.
పన్నెండు కొట్టగానే నాలోంచి ఒకరు దిగిపోయి
ఇంకొకరు ఎక్కాలి.
ఆ నిమిషాన నేను సాధారణంగా
ఎవరి ముక్కో తుడుస్తూ ఉంటాను.

అంతా బాగుందని అనను.
మూడేళ్ళవాళ్ళకి నాలుగు చోట్లు తగ్గాయి.
యులాలియా చెల్లెలు ఇంకా గేటు అవతలే.
తల్లి జాకెట్టు జేబులో చెయ్యి దూర్చి
లోపలి జారుడుబల్లకేసి చూస్తుంది.
నేను దాని వైపు చూడకుండా గడియ వేస్తాను.

నవంబరులో ఆ తల్లికి
చిలగడదుంపల షెడ్డులో ఓవర్‌టైమ్ పడింది.
మళ్ళీ గీత. మళ్ళీ ఉత్తరం.
ఆఫీసులో మిస్ డెల్ఫీన్
ఒక జాబితాలో యులాలియా పేరు కొట్టేసి
ఇంకో జాబితాలో రాసింది.
నేను కుర్చీని తలకిందులు చేసి
నీలం బిళ్ళ గోరుతో పీకి, ఆకుపచ్చది అంటించాను.
అంతసేపూ అది ఒంటికాలి మీద నిలబడింది
మా పెద్దవాళ్ళ పనికి విసుక్కుంటూ.
మళ్ళీ కూర్చుంది. అదే కుర్చీ.
సగంలో ఆపిన గుర్రానికి
పసుపు రంగు వెయ్యడం మొదలుపెట్టింది.

ఇవాళ తనిఖీకి వచ్చినావిడ
ఏ పిల్లలు ఏ పద్దువాళ్ళో వేలు పెట్టి చూపించమంది.
గోడ పోయినా నేలమీద
అది జరిగిన ఇనప గాడి అలాగే ఉంది.
ఆ గాడిలో మైనూ చెక్క రైలు తోలుతోంది,
పెదాలతో పొగ వదులుతూ.
ఆవిడ బూటు సరిగ్గా పట్టా మీద.
మైనూ తల ఎత్తలేదు, చెయ్యి ఎత్తింది:
ఆగు, బండి వస్తోంది.

ఆవిడ ఫైలు గుండెకి హత్తుకుని
ఒక అడుగు వెనక్కి వేసి
ఆఖరి పెట్టె దాటేదాకా ఆగింది.