దింపుడు

మీ కాగితంలో కొండ పడుకుని ఉంది మేడమ్,
నేను ఎక్కే కొండ నిలబడి ఉంటాది.

సర్వేయరు హైమావతమ్మ
మూడుకాళ్ళ యంత్రం నీడలో కూచుని
మ్యాపు మీద వేలు పెట్టింది:
"పారమ్మ ఇల్లూ మస్తాన్ ఇల్లూ ఆనుకునే ఉన్నాయి కదా?"

ఆనుకునే ఉన్నాయి.
ఈవిడ వాకిలి ఊడిస్తే ఆ దుమ్ము
ఆయన రేకుల మీద పడతాది.
మధ్యన మాత్రం యాభైరెండు మెట్లు.
అందులో ఆరు మెట్లు కావు, రాళ్ళు.
రెండు, రాళ్ళు కూడా కావు, అలవాటు.

మీటర్లు నాకు తెలీవు.
పందొమ్మిదేళ్ళుగా ఈ కుడిభుజం మీద గ్యాస్ బండ.
నిండు బండకి ఏడు దింపుళ్ళు,
ఖాళీ బండకి ఒక్కటీ లేదు.
అదే నా కొలత, రాసుకోండి.

మొదటి దింపుడు కొళాయి దగ్గర.
ఆరింటికి నీళ్ళొస్తే బిందెల వరస,
అప్పుడు బండకి చోటుండదు.
రెండోది చర్చి గోడ.
మూడోది బాదం చెట్టు కొట్టేశాక మిగిలిన మొద్దు.
నాలుగోది కుక్కది. అది లేస్తే నాది.

ఐదోది బల్లపరుపు రాయి.
ఆ రాతి మీద ఓ రాత్రి మడతమంచం దించాం,
మంచంలో పారమ్మ కోడలు, నెలలు నిండి.
కింద అంబులెన్సు అరుస్తోంది.
దాని దీపం కనిపిస్తానే ఉంది,
రేవు బయట ఆగిన ఓడ దీపంలాగ
దగ్గరగా, అందకుండా.
పిల్లాడు అక్కడే పుట్టాడు.
కాగితంలో పుట్టిన చోటు విశాఖపట్నం అని ఉంది.
తప్పేం కాదు.

మరోసారి అదే రాతి మీద
పారమ్మ మొగుణ్ణి దించాం.
చెవి దగ్గర మూడుసార్లు పేరు పెట్టి పిలిచాం.
దింపుడు కళ్ళం అక్కడే మాకు, వేరే చోటు లేదు.
పలకలేదు. ఎత్తుకున్నాం.

పెన్సిలుంటే ఆ రాయికి ఓ చుక్క పెట్టండి మేడమ్.

పెట్టింది.
కాసేపు ఏమీ అడగలేదు.
తరవాత, వాననీళ్ళకి దారేది అంది.

గెడ్డకి ఎవరూ దారి ఇవ్వలేదు,
అదే తీసుకుంది.
తుఫాను రాత్రి దాలినాయుడు వంటింట్లోంచి దిగింది,
పొయ్యి గట్టు ఒక్కటే ఒగ్గేసింది.
కొండ అడుగు కోసి మేడలు కట్టినోళ్ళకి లిఫ్టులున్నాయి.
ఎర్రమట్టి వాళ్ళ కార్ల మీదికి జారితే
మాకు నోటీసులిచ్చారు.
ఎవరు ముందు కొరికారో
కొండనడగండి, గాట్లున్నాయి.

పై వరసోళ్ళని ఊరవతల
నాలుగో అంతస్తుకి పంపుతారంట.
వద్దనను.
నెత్తి మీద బండరాయి పెట్టుకుని
వానాకాలం నిద్రపోడం నేనూ చూశాను.
కానీ తెల్లారకుండా హార్బరులో చేపల వేలం,
అక్కడి నుంచి బస్సేది?
ఇంటితోపాటు అదీ గీయండి మ్యాపులో,
మూడున్నర బస్సు.

కైలాసగిరి మీద సముద్రం చూసేవాళ్ళకి
తీగ మీద పెట్టెలు నడుస్తాయి.
మేమూ చూస్తాం సముద్రం.
బాదం మొద్దు దగ్గర బాగా కనిపిస్తాది,
చెమట తుడుచుకున్నంతసేపు.

ఏడాదికి ఇనప రెయిలింగు వచ్చింది.
చుక్క పెట్టిన చోటల్లా సిమెంటు దిమ్మ,
వంగక్కర్లేకుండా, సరిగ్గా నా నడుమెత్తు.
ఆ రోజు నన్ను నిలబెట్టి టేపు పట్టింది
ఇందుకా అనుకున్నాను.

కుక్క దగ్గర దాకా వచ్చింది.
ఐదోదానికి ముందు బిల్లు ఆగిపోయిందంట.
హైమావతమ్మని వేరే జోనుకి మార్చారు.
బల్లపరుపు రాయి రాయిలాగే ఉంది,
పారమ్మ మనవడు దాని మీద బొంగరం తిప్పుతున్నాడు.

రెయిలింగు అయిపోయాక కూడా
నా ఎడం చెయ్యి
ఇంకో రెండు మెట్లు
గాలిని పట్టుకునే ఎక్కుతాది.