చుక్కకి రెండు కళ్ళు

మా ఖ్ము మాటకి నోరుంది,
మా కొండమీద దానికి రాత లేదు.
వానాకాలం మూడు నెలలకీ మమ్మల్ని ఆరుగుర్ని
నామ్ ఊ నది ఒడ్డున చిన్న విహారంలో దించినప్పుడు
గోడమీది లావో అక్షరాలు
బియ్యంలో పురుగుల్లా కనబడ్డాయి.

ఆచాన్ థొంగ్‌విలాయ్ గుండు గోక్కున్నాడు.
ఆయనకి మా మాట రాదు, ఆయన మాట మాకు సగమే.
మర్నాడు సంతకెళ్ళే పడవవాడిచేత
పాత బీరు కంపెనీ క్యాలెండర్లు తెప్పించి
అన్నం మెతుకులతో అంటించాడు.
గ్లాసు పట్టుకుని నవ్వే అమ్మాయి గోడవైపు,
తెల్లటి వీపు మావైపు.
మూడు నెలలూ పాపం ఆ అమ్మాయి
గోడని చూసి నవ్వుతూనే ఉంది.

పొయ్యిలోంచి బొగ్గు తీశాడు.
సున్నా చుడితే తల. ఒక గీత ఒళ్ళు.
భుజం మీదుగా ఏటవాలుగా ఇంకో గీత, అది చీవరం.
బొమ్మలు రావాయనకి. ఆ సంగతి ఆయనకీ తెలుసు.
బుద్ధుడి దగ్గరికొచ్చేసరికి బొగ్గు ఆగింది,
"ఇది నా చేతికి ఎక్కువ" అని
ఖాళీ ఆసనం గీసి ఊరుకున్నాడు.

మొదటి చిక్కు 'వద్దు' దగ్గర వచ్చింది.
పొద్దు వాలాక తినరాదని చెప్పడానికి
సూర్యుణ్ణి పడమటికి ఒరిగించాడు,
గిన్నె ముందు ఒక గుండు పిల్లాణ్ణి కూర్చోబెట్టాడు,
వాడి మీద అడ్డంగా రెండు గీతలు కొట్టాడు.
ఖమ్‌పెంగ్ బిక్కమొహం వేశాడు,
"తింటే రెండు కత్తులతో పొడుస్తారా?"
జిగురన్నం తెచ్చిన ముసలమ్మ కళ్ళు చికిలించి
"ఏ పూట వేసుకోవాలి ఈ మాత్రలు?" అంది.

రెండో చిక్కు చప్పుడు.
జుర్రుకుంటూ తినరాదు.
పాళీలో దాని పేరే సురుసురు,
మొత్తం నియమాల్లో ఆ ఒక్క మాటే
ఎవరూ చెప్పకుండా మాకు అర్థమైంది.
కానీ చప్పుణ్ణి గీసేదెలా?
పెదాల దగ్గర వంకీలు పెట్టాడు, మీసాలనుకున్నాం.
చెవులు పెద్దవి చేశాడు, కుందేలనుకున్నాం.
చివరికి జుర్రేవాడి పక్కన ఇంకొకణ్ణి గీశాడు,
చెంచా గాల్లోనే ఆపి
కనుబొమలెత్తి వాడివైపు చూసేవాణ్ణి.
పగలబడి నవ్వాం.
ఊళ్ళోకెళ్తే గట్టిగా నవ్వరాదన్నదీ నియమమే.
దానికి ఆ రోజు బొమ్మ పడలేదు,
బొగ్గు పట్టిన చెయ్యి కూడా నవ్వుకి ఊగుతోంది మరి.

ఆ రాత్రి ఆయన నిద్రపోయినట్టు లేదు.
పొద్దున్నే కొత్త కాగితం.
కుండ. మూతికి వడకట్టే గుడ్డ.
నీళ్ళలో చుక్కలు.
ప్రతి చుక్కకీ రెండు కళ్ళు.
అడ్డగీతల్లేవు. 'వద్దు' ఎక్కడా లేదు.
ఒక్క చుక్క మాత్రం తలెత్తి
గుడ్డవైపు చూస్తోంది.

ఆ తర్వాత వడకట్టకుండా
మాలో ఎవడూ గుక్కెడు తాగలేదు.
ఖమ్‌పెంగ్ అయితే ఆ గుడ్డని ఏటిదాకా మోసుకెళ్ళి
మెల్లగా జాడించి
ఖ్ములో ఏదో చెప్పి వచ్చేవాడు.

వానలు ముదిరాక
మెతుకుల జిగురు కోసం పురుగులొచ్చాయి.
అంచుల నుంచి లోపలికి
ఆసనాన్నీ సూర్యుణ్ణీ కొరుక్కుంటూ పోయాయి.
ఆచాన్ వాటిని దులపలేదు.
మిగిలిన జాగాలో గీశాడు.

చీవరం విడిచి పద్దెనిమిదేళ్ళు.
ఉడొమ్‌సాయ్ దారిలో లారీ తోలుతున్నాను.
పద్యాలన్నీ పోయాయి, పాళీ పోయింది.
అర్ధరాత్రి బండి దగ్గర ఖావ్ పియక్ తాగుతూ
ఆకలికి ఒక్కసారి జుర్రుతానా,
ఎదురు బల్ల మీద వాడు,
చెంచా గాల్లో, కనుబొమలు పైకి.

మొన్న ఘాటు ఎక్కుతుంటే ఇంజను కాగింది.
వాగులోంచి డబ్బాతో నీళ్ళు తెచ్చి
పాత చొక్కా అడ్డుపెట్టి వడకట్టాను,
చొక్కాని మళ్ళీ వాగుదాకా తీసుకెళ్ళి జాడించాను.
క్లీనరు కుర్రాడు వింతగా చూశాడు,
"రేడియేటర్లో చెత్త అడ్డుపడుతుందనా?"

అవునన్నాను.
అదీ నిజమే.