రెండా, మూడా

జుబైల్ క్యాంపు గోడకు కాగితం అంటించిన్రు:
రేపు ఖాళీ చెయ్యాల్సిన రూము నంబరు.
అండ్ల ఉన్నోళ్లందరికీ ఇంటి టికెట్టు.
సముద్రపు చెమ్మకు సిరా ఉబ్బింది.
అరబ్బీల రెండుకు ఒక వంపు, మూడుకు రెండు.

రెండో రూము పోశెట్టి సెల్లు లైటు కొట్టి
"రెండు వంపులు. మూడే" అన్నడు.
మూడో రూము రాజలింగం గోటితోటి గీకి
"వంపు గాదది, ఈగ రెట్ట."
నడుం పోయిన మల్లేశం, రెండో రూమోడే,
"రెండే, రెండే" అని మురిసిండు.

"అరబ్బీ వచ్చినోనివి, నువ్వు సదువు" అన్నరు నన్ను.
అద్దాలు రెండుసార్లు తుడుచుకున్న.
అబద్ధం ఆడలే, ఒట్టు.
నాకు తేటగ రెండే కనవడ్డది.

నా మంచం మూడో రూముల.
మంచం కింద పెట్టెల
మిత్తి చిట్టీ.