ఎంజీఎం ముందర

దవాఖాన ఇవతల, మందుల దుకాణాలు అవతల.
నడుమ రోడ్డు.
కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పి వచ్చిన,
నాలుగు దినాల సంది నా కొలువు ఇదే:
చీటీ పట్టుకొని దాటుడు,
సంచి పట్టుకొని మళ్ల దాటుడు.
లోపల మా పెద్దబాపు ఓదెలు
తొంటి విరిగి పండుకున్నడు.

తెల్లగీతలు ఒకప్పుడు మంచిగనే ఉండెనట.
ఇప్పుడు టైర్ల కింద అరిగి అరిగి
బాయికాడ మర్చిపోయిన సబ్బుముక్కల లెక్క మిగిలినయి.
వాటి మీద మనిషి కాలు పెడితే
బండి ఆగాలెనని రూలున్నదట.
హోంగార్డు యాకూబ్ చెప్పిండు,
నవ్వుకుంట,
వాళ్ల అవ్వ చెప్పిన కథ యాదికొచ్చినట్టు.

ఆకుపచ్చ మనిషి వెలుగుతడు.
పన్నెండు సెకండ్లు ఆయన ఆయుష్షు.
ఏడు కాకముందే ఆటో మూతి ముందుకు పెడతది,
తొమ్మిదికి పరకాల బస్సు గురక తీస్తది.

దాటే ఇకమతు నేర్చుకున్న.
డ్రైవర్‌తోని చూపు కలపొద్దు.
కలిపినవా, నువ్వు చూసినవని వానికి తెలుస్తది,
ఇగ ఆగుడు నీ పని.
చెయ్యి లేపాలె,
బడిల హాజరు పలికినట్టు కాదు,
పొడవొచ్చే కోడెను బుదరకిచ్చినట్టు, మెల్లగ.

నిన్న పగటీలి ఎక్స్‌రే తీసుకొని వస్తున్న.
చెయ్యి లేపితే ఒక్కడు ఆగలే.
ఏం తోచిందో, కవరుల నుంచి తీసి
ఎక్స్‌రేనే లేపిన.
ఎండ పడి పెద్దబాపు తొంటిబొక్క
నడి చౌరస్తాల తెల్లగ వెలిగింది.
స్కూటీ పిల్ల బ్రేకేసింది,
దాని ఎనక కారు,
కారు ఎనక ఇసుక లారీ.

నేను సగం దాటిన్నో లేదో
కుయ్యి కుయ్యిమనుకుంట 108 వచ్చింది.
రోడ్డు పాపిడి తీసినట్టు చీలింది.
ఆటో మోరీ అంచుకు జరిగింది,
బస్సు ఒక చక్రం ఫుట్‌పాత్ ఎక్కించింది.
యాకూబ్ ఈల కూడ ఊదలే.
అందరు మంచోళ్లే,
ఒట్టు, అందరు మంచోళ్లే.
పండుకొని వస్తే దారి ఇస్తరు.
నడిచి వస్తే ఇయ్యరు.

పెద్దబాపుకు ఈ ముచ్చట చెప్పిన.
హన్మకొండ చౌరస్తాల
ఎర్రలైటును నమ్మి అడుగేసిన మనిషి ఆయన.
జరసేపు తిరగని ఫ్యాను దిక్కు చూసిండు.
"ఆగిన్రా మరి, నా బొక్కను చూసి?"
"ఆగిన్రు."
"అయితే దాన్ని పారెయ్యకు బిడ్డా.
ఇంటికి పోయే నాడు
బస్సు కోసం అవతలికే దాటాలె గద."